విత్తనపు గింజయు, వండుకొను గింజయు

దైవసన్నిధిని కూర్చుండి రూపాయల లెక్కలు మాటలాడుట తగునా యని కొందఱు శంకింతురు. ధ్యానము వేఱు, ధనము వేఱు అనియు, ఒకటి ఆత్మకును మఱియొకటి అంగడికిని చెందినవనియు వారి తలంపు. మేము ఆ తలంపుతో నేకీభవింపజాలము. మనము దేనిని నిజముగా పూజించుచున్నామో మన నోటిలోని స్తోత్రముకంటె మన ఇంటి పద్దుపుస్తకము స్పష్టముగా చెప్పును. కావున ఈ దినమున ఇంటి ఆదాయవ్యయములను గుఱించియే కొంత విచారింతము.

హైదరాబాదు నగరమునకు పడమట, చేవెళ్ల మండలములో ముడిమ్యాల యను గ్రామము కలదు. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములు చిరకాలముగా నగరమునకు కూరగాయలను, పూవులను పంపుచున్నవి. 1908వ సంవత్సరపు మూసీ వఱదల పిమ్మట కట్టబడిన ఉస్మానుసాగరు, హిమాయతుసాగరు జలాశయములు ఈ ప్రాంతమునకు చేరువనే యున్నవి. వాని రక్షణార్థమై 1996లో ప్రభుత్వము 111వ సంఖ్యగల ఉత్తర్వును వెలువరించి, 84 గ్రామములలో కట్టడములకు హద్దులు విధించెను. 2022 ఏప్రిలులో ఆ హద్దులను సడలించుచు మఱియొక యుత్తర్వు వచ్చెను. ఈ నడుమ నగరము పెరిగి పెరిగి పల్లెల పొలిమేరలను తాకినది. తాతలనాడు జొన్నలు పండిన చేనికి నేడు ఎవ్వరును కలగనని వెల పలుకుచున్నది. బయానా పుచ్చుకొన్న దినము మొదలు కాపు ఇంటి నడవడియే మాఱిపోవుచున్నది.

అమ్మిన వానిని మేము నిందింపము. కూతురి చదువునకో, తల్లి వైద్యమునకో, అప్పు తీర్చుటకో అమ్మవలసిన యవసరము ఎవ్వరికైనను కలుగవచ్చును. మా ప్రశ్న వేఱు. భూమి పోయి రూపాయ వచ్చినది సరే. వచ్చిన యా రూపాయ యేమి? అది ఫలమా, బీజమా?

సేద్యగానికి ఈ భేదము ఒకరు నేర్పనక్కఱలేదు. పంట ఇంటికి వచ్చినప్పుడు విత్తనపు గింజను వేఱుచేసి, బూడిద కలిపి, గాదెలో దాచును. ఇంటిలో గింజలు నిండుకొన్నను ఆ గింజలను వండుటకు ఇల్లాలి చేయి వణకును. ఏలయన, వాని యందు మఱుసటి యేటి బ్రతుకు నిదురించుచున్నది. అట్టి వివేకము గల గృహస్థుడే చేనిని అమ్మిన సొమ్మును మాత్రము వండుకొను గింజగా నెంచి, మూడేండ్లలో తినివేయుచున్నాడు. భూమిని అమ్మగా వచ్చినది పంట కాదు, అది విత్తనము. ఉద్యోగవిరమణ నాడు ఒక్కమాఱుగా చేతికి వచ్చు సొమ్మును, తండ్రి విడిచిపోయిన నిలువయు, భర్త మరణానంతరము వచ్చు బీమాధనమును అట్టివే. చదువుకొన్న మనకును ఈ హితవు వర్తించును.

లెక్క కట్టి చూతము. ఒక కుటుంబమునకు 50 లక్షల రూపాయలు చేతికి వచ్చినవనుకొందము. కారు, విందులు, బంధువుల కోరికలు కలిసి ఇంటి వ్యయము నెలకు ఒక లక్షకు పెరిగినచో, ఆ సొమ్ము 50 నెలలలో, అనగా నాలుగేండ్ల రెండు నెలలలో, నిశ్శేషమగును. అదే సొమ్మును భద్రమైన చోట నుంచి ఏటికి నూటికి 7 వంతున వడ్డీ పొందినచో, సంవత్సరమునకు మూడున్నర లక్షలు, నెలకు సుమారు 29 వేలు వచ్చును. ధరలు ఏటేట పెరుగుచుండును గనుక ఆ వడ్డీలో కొంతభాగమును మరల మూలధనమునకు చేర్చవలెను. మిగిలినదే మనము తినదగిన పంట. మొదటి దారి కన్నుల పండువుగా నుండును, రెండవది నిరాడంబరమైనది. కాని అయిదవ యేట మొదటి వానికి చేనును లేదు, సొమ్మును లేదు.

భద్రమైన చోటన్నప్పుడు ఒక మాట. బ్యాంకు కూలిపోయినప్పుడు, ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్క డిపాజిటుదారునకు 5 లక్షల వఱకు బీమారక్షణ 2020 ఫిబ్రవరి మొదలు కలదు. కావున ఉన్నదంతయు ఒక్క చోటనే యుంచుట వివేకము కాదు. ఎక్కువ లాభము చూపి త్వరపెట్టువాని మాటకు లొంగి, రిజిష్టరు కాని చిట్టీలో సొమ్ము పోయుట అంతకంటె అవివేకము.

ఒక్కమాఱు వచ్చు సొమ్ము సంగతి యిట్లుండగా, దినదిన వ్యయము దీనికంటె సూక్ష్మమైనది. పెద్ద సొమ్ము తలుపు తెఱచుకొని పోవును; చిన్న సొమ్ము కన్నము గుండ కారిపోవును. నెల్లూరు జిల్లాలో 1992 ప్రాంతమున దూబగుంట మొదలగు గ్రామముల స్త్రీలు సారాకు వ్యతిరేకముగా లేచిన సంగతి మనమెఱుగుదుము. వారి పోరాటము సారా దుకాణముల మూసివేతతో ముగియలేదు. సారాకు పోవుచుండిన సొమ్ము మఱియొక దారిని పోకుండ, దినమునకు ఒక్క రూపాయ చొప్పున కూడబెట్టు పొదుపులక్ష్మి యుద్యమము 1993లో ఆ జిల్లాలోనే ఆరంభమయ్యెను. ఒక్క రూపాయ! ఏటికి 365 రూపాయలు మాత్రమే. అయినను ఆ స్త్రీలు కూడబెట్టినది రూపాయలను మాత్రమే కాదు. ఇంటి సొమ్ము ఎటు పోవుచున్నదో తెలిసికొను అధికారమును కూడబెట్టిరి.

ఇప్పుడు మన ఇండ్లను చూచుకొందము. చదువుకొన్న గృహస్థులమైన మనలో ఎందఱి భార్యలకు భర్త జీతమెంతయో, అప్పెంతయో, దస్తావేజు లెచ్చట నున్నవో తెలియును? స్త్రీవిద్యను గుఱించి సభలలో ప్రసంగించి, ఇంటి పెట్టె తాళము మాత్రము మొలకు కట్టుకొను వాని సంస్కరణము అసంపూర్ణమని మా యభిప్రాయము. రహస్యముగా చేసిన అప్పు అసత్యమునకు అన్న. భర్త కన్నుమూసిన మఱునాడు భార్యకు తెలియు ఋణము ఆమెకు రెండవ వైధవ్యము. తెలంగాణలో 2018 ఆగస్టు 15 నుండి అమలునకు వచ్చిన రైతుబీమాలో, 18 మొదలు 59 ఏండ్ల వయస్సుగల రైతు మరణించినచో నామినీకి 5 లక్షలు చెల్లించు ఏర్పాటు చేయబడినది. కాని ఆ నామినీ యెవ్వరో ఇంటిలో తెలియకున్నచో, ప్రభుత్వమిచ్చినదియు కష్టకాలమునకు అందక పోవచ్చును. నెలకొక మాఱు దంపతులు పద్దుపుస్తకమును నడుమ నుంచుకొని కూర్చుండుట గొప్ప యుపాసన యని మేము చెప్పుదుము.

జీవితమున మార్పులు తప్పవు. వానిలో పెండ్లి మన వారి నెక్కువగా ముంచుచున్నది. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి ఒక లక్ష తెచ్చినచో, 50 నెలలకు వడ్డీయే మఱియొక లక్ష యగును. అసలు కదలక అట్లే నిలిచియుండును. రెండు దినముల పందిరికై ఇట్టి సంకెల తొడిగికొనుట యేమి ధర్మము? వరకట్నమును 1961లోనే చట్టము నిషేధించినది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు సమభాగమును ఆంధ్రప్రదేశపు చట్టము 1985లోను, దేశమంతటికిని 2005 నాటి సవరణము పిదపను ఇచ్చినవి. చేను అమ్మిన సొమ్ము పంచుకొనునప్పుడు కుమార్తెచేత సంతకము చేయించి, చీర పెట్టి పంపుట ఎచ్చటి న్యాయము? కట్నమిచ్చితిమి గనుక భాగము చెల్లినదనుట, ఒక అన్యాయమును చూపి మఱియొక అన్యాయమును కప్పుటయే.

సంపద ఒక్కనాట పోయిననాడు ఎట్లు నడువవలెనో మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు చూపిరి. వారి తండ్రియైన ద్వారకానాథుడు 1846లో లండనులో మరణించెను. రెండేండ్లలో కుటుంబపు వర్తకసంస్థ కూలి, ఋణభారము మీద పడెను. కుటుంబపు ఆస్తిలో ట్రస్టుక్రింద నున్న భాగము ఋణదాతలకు చట్టరీత్యా దక్కదు. ఆయన దానిని సైతము వారి యెదుట నుంచెను. బండ్లను గుఱ్ఱములను అమ్మి, పరిచారకులను తగ్గించి, భోజనమును సాదాగా మార్చుకొని, అనేక సంవత్సరములకు ఋణమును తీర్చెను. మన పరువు పోవునను భయమున అప్పుపై అప్పు తెచ్చి పాత యాడంబరమునే నిలుపుకొనువారము మనము. ఆయనయో, ఆడంబరమును విడిచి పరువును నిలుపుకొనెను.

పొదుపు లోభమునకు మాఱుపేరు కాదు. లోభి విత్తనమును చల్లడు, తినడు, ఒకరికి పెట్టడు. అది గాదెలోనే పుచ్చిపోవును. మితవ్యయి తన పంటలో దానమునకు ముందుగనే ఒక పాలు తీసి యుంచును. అప్పు చేసి చేయు దానము పరుని సొమ్ముతో కొన్న కీర్తి.

కావున సోదరీసోదరులారా, ఈ రాత్రి ఇంటికి పోయి మూడు పనులు చేయుడు. మీ ఇంట వచ్చు ప్రతి రూపాయయు పంటయో విత్తనమో నిర్ణయింపుడు. మీ ఋణములన్నియు ఒక కాగితమున వ్రాసి ఇంటివారికి చూపుడు. కుమార్తెకు చెందవలసినది కుమారునికి చెందవలసిన దానితో సమముగా పద్దులో వ్రాయుడు.

సర్వసాక్షియైన పరమేశ్వరా! మా చేతికి వచ్చినది నీవు మాకప్పగించినదే గాని మాది కాదు. లెక్క యడుగువాడవు నీవు గనుక లెక్క దాచని హృదయమును మాకు ప్రసాదింపుము. లేమియందు ధైర్యమును, కలిమియందు జ్ఞప్తిని మాకు కలుగజేయుము. మా పిల్లలు విత్తుకొనవలసిన గింజను మేము తినకుండునట్లు మమ్ము కాపాడుము.

శాంతిః శాంతిః శాంతిః.