అందమైన కథలో లేనివాళ్లు

అనగనగా ఒక రాజు అని మొదలుపెట్టిన కథని ఎవరూ నిలదీయరు. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారంటే, ఆ చెరువు ఎవరిదని, అందులో వల వేసుకుని బతికేవాళ్లు ఏమయ్యారని మనం అడగం. కథకి ఆ వెసులుబాటు ఉంది. కానీ అదే కథ ఒక నిజమైన ఊరి పేరు, ఒక నిజమైన సంవత్సరం చెప్పి మొదలైతే? అప్పుడు కూడా అడగకూడదా? ఈ ప్రశ్న నాకు ఒక ఫ్రెంచి సినిమా వల్ల వచ్చింది.

ఆ సినిమా పేరు ‘అమేలీ’. దర్శకుడు జాన్ పియెర్ జునే. 2001 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో విడుదలైంది. బెంగుళూరులో చదువుకుంటున్న మా పెద్దమ్మ కొడుకు సెలవులకి వచ్చినప్పుడు చూపించాడు. మా వయసుకి తగని కొన్ని దృశ్యాలు అన్నే ముందుకి జరిపేశాడు. మాటలు అర్థం కాకపోయినా కింద అక్షరాలు చదువుకుంటూ, మధ్యమధ్య అన్న చెబుతుంటే వింటూ చూశాం. మా అవ్వ కూడా మాతో కూర్చుంది.

కథ 1997లో పారిస్‌లో జరుగుతుంది. అమేలీ మోమార్త్ అనే కొండప్రాంతంలో ఒక కాఫీ హోటల్లో పనిచేసే అమ్మాయి. ఆ పాత్ర వేసిన నటి ఆడ్రీ తోతూ. యువరాణి డయానా చనిపోయిన వార్త టీవీలో విని అమేలీ ఉలిక్కిపడుతుంది. చేతిలోని సెంటుసీసా మూత జారి దొర్లుతుంది. అది గోడకి తగిలితే ఒక పలక కదులుతుంది. దాని వెనక ఎప్పుడో ఎవరో పిల్లవాడు దాచుకున్న ఆటవస్తువుల డబ్బా ఉంటుంది. ఇప్పుడు పెద్దవాడైపోయిన ఆ మనిషిని వెతికి, తనెవరో తెలియకుండా ఆ డబ్బా అతనికి చేరుస్తుంది. అతను కళ్లనీళ్లు పెట్టుకోవడం చూసి, ఇకమీదట అందరికీ ఇలాగే చాటుగా మేలు చేయాలనుకుంటుంది. ఇల్లు కదలని తండ్రికి ప్రయాణం మీద ఆశ పుట్టించడానికి, తోటలోని మరుగుజ్జు బొమ్మని విమానంలో పనిచేసే స్నేహితురాలికిచ్చి దేశదేశాలు తిప్పిస్తుంది. తండ్రికి ఊరూరి నుంచి ఆ బొమ్మ ఫోటోలు వస్తాయి! మా అవ్వ అక్కడ బాగా నవ్వింది.

జనానికి ఈ సినిమా ఎంతగా నచ్చిందంటే, ఒక్క ఫ్రాన్స్‌లోనే 80 లక్షలకు పైగా టిక్కెట్లు అమ్ముడయ్యాయి. ఆ దేశంలో జాతీయ పురస్కారాల్లాంటి సీజర్ అవార్డులు నాలుగు వచ్చాయి. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు కూడా వాటిలో ఉన్నాయి. 2002లో ఆస్కార్‌కి ఐదు విభాగాల్లో పోటీ పడింది, ఒక్కటీ రాలేదు. అమేలీ పనిచేసిన ఆ హోటల్ నిజంగానే ఉంది. దాని పేరుకి రెండు గాలిమరలు అని అర్థం. ప్రపంచం నలుమూలల నుంచి జనం వెళ్లి అక్కడ కాఫీ తాగి వస్తుంటారు.

అయితే అందరూ మెచ్చుకోలేదు. ఆ ఏడాది కాన్ చలనచిత్రోత్సవంలో పోటీకి ఈ సినిమాని ఎంపిక చేయలేదు. విడుదలైన కొన్ని వారాలకి సెర్జ్ కగాన్‌స్కి అనే విమర్శకుడు ‘లిబెరాసియోన్’ అనే పత్రికలో ఘాటైన వ్యాసం రాశాడు. మోమార్త్ చుట్టుపక్కల అరబ్బులు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఉంటారు, సినిమాలో వాళ్లంతా ఏమయ్యారని అడిగాడు. మొరాకో మూలాలున్న నటుడు జమేల్ దెబ్బూజ్ ఒకడు ఉన్నాడు గానీ, అతని పాత్రకి కూడా లూసియెన్ అని అచ్చమైన ఫ్రెంచి పేరే పెట్టారు కదా అన్నాడు. పరాయివాళ్లు వద్దనే రాజకీయ నాయకులకి ఇలాంటి పారిస్ చాలా ఇష్టంగా ఉంటుందని కూడా రాశాడు. దీనిమీద పెద్ద వాదమే జరిగింది. ఇది కల, అద్భుత కథ, దీన్ని జనాభా లెక్కల పుస్తకంలా చదువుతారా అని సినిమా అభిమానులు ఎదురు ప్రశ్న వేశారు.

మా ఇంట్లో కూడా అదే వాదం. అన్న విమర్శకుడి పక్షం. అవ్వ జనం పక్షం. “పొద్దంతా కష్టం చూసినోళ్లకి మళ్లా కష్టమే చూపిస్తే ఎట్లా రా? కాసేపు నవ్వనీండి” అంది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నట్టే ఉంది. అందుకే ఇద్దర్నీ వదిలి నాకు నేనే ఆలోచించుకున్నాను.

దర్శకుడు ఈ సినిమా కోసం వీధుల్లోని చెత్త, గోడల మీది రాతలు తీసేయించాడు. కొన్నిటిని కంప్యూటర్‌తో చెరిపాడు. ఇది అబద్ధమా? నాకు అలా అనిపించదు. పండగ రోజు మనం వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి ముగ్గు వేస్తాం. రోజూ ఇలా ఉండదు కదా, ఎందుకు మోసం చేస్తున్నారని ఎవరూ అడగరు. ఇల్లు అందంగా కనబడాలని కోరుకోవడం తప్పు కాదు. కానీ ఫోటో తీసేటప్పుడు, మా వాకిట్లో మీరు నిలబడితే బాగుండదు, కాస్త పక్కకి వెళ్లండి అని పొరుగింటివాళ్లతో అంటే? అది వేరే సంగతి. చెత్తని తీసేయడం ఒకటి, మనిషిని తీసేయడం ఒకటి. ఈ రెండిటికీ ఒకటే చీపురు వాడకూడదు.

మా హోసూరులో తెలుగు, కన్నడ, తమిళం మూడూ వినబడతాయి. సంతలో ఒక్క బేరంలోనే మూడు భాషలూ దొర్లుతాయి. ఫ్యాక్టరీల్లో పనికి ఒడిశా నుంచి, బీహారు నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. ఒక ఏడాది మా ఇంటికి మా ఊరి అందాలు అంటూ ఒక క్యాలెండర్ వచ్చింది. అందులో చంద్రచూడేశ్వరుని కొండ ఉంది, గులాబీ తోటలు ఉన్నాయి, మంచు పట్టిన రోడ్డు ఉంది. ఫోటోలన్నీ చాలా బాగున్నాయి. కానీ పన్నెండు నెలలూ తిప్పి చూసినా ఒక్క తెలుగు అక్షరం లేదు. గులాబీలు ఉన్నాయి గానీ తెల్లవారకముందే వాటిని కోసే ఆడవాళ్లు లేరు. ఆ క్యాలెండర్ వేసినవాళ్లకి మనమీద కోపం ఉందని నేను అనుకోను. మనం గుర్తుకి రాలేదు, అంతే. కోపగించుకుంటే తిరిగి మాట్లాడొచ్చు. గుర్తుకే రాకపోతే ఎవరితో మాట్లాడాలి? కగాన్‌స్కి బాధ నాకు ఆ క్యాలెండర్ వల్లనే అర్థమైంది.

అయినా ఆయన చివరి మాటని నేను ఒప్పుకోలేను. సినిమాలో కొందరు లేరు కాబట్టి అది వాళ్లని ద్వేషించేవాళ్లకి పనికొచ్చే సినిమా అనడం చాలా పెద్ద గంతు. ఆ లూసియెన్‌ని అతని యజమాని అందరి ముందూ ఎగతాళి చేస్తుంటే, అమేలీ ఊరుకోదు. యజమాని ఇంట్లో దూరి చెప్పులు మార్చి, గడియారం మార్చి అతన్ని తికమక పెడుతుంది. బలహీనుడి పక్షాన నిలబడే గుణం ఆ కథలో ఉంది. దాన్ని చూసి సంతోషించిన 80 లక్షల టిక్కెట్లవాళ్లు చెడ్డవాళ్లు ఎలా అవుతారు? సంతోషం మీద నేరం మోపడం సరికాదు.

మరి తప్పు ఎక్కడుంది? దీనికి జవాబు ఆ సినిమాలోనే నాకు దొరికింది. ఒకచోట అమేలీ ఒక గుడ్డి ముసలాయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తుంది. నడుస్తూనే, గబగబా, వీధిలో ఉన్నవన్నీ చెబుతుంది. పూలమ్మే ఆయన నవ్వు, అంగట్లో ధరలు, కాలుతున్న కోళ్లని చూస్తున్న కుక్క, ఆ కుక్కని చూస్తున్న పసిపాప. ఆయన్ని మెట్రో దగ్గర వదిలేసరికి ఆయన ముఖం వెలిగిపోతుంది. నాకు చాలా ఇష్టమైన దృశ్యం అది. కానీ ఆలోచించండి. ఆమె చెప్పిందే ఆయనకి వీధి. చెప్పనిది ఆయనకి లేనే లేదు.

పారిస్‌లో ఉన్నవాళ్లు ఈ సినిమా చూస్తే, ఇంకా ఏమేం ఉన్నాయో వాళ్లకి తెలుసు. హాలు బయటికి వస్తే అందరూ కనబడతారు. అందుకని వాళ్లకి ఇది కథ. పారిస్ ఎప్పుడూ చూడని నాకు అది కథ కాదు, వార్త. ఆ ముసలాయనలాగే నేను చెప్పింది చెప్పినట్టు నమ్ముతాను. ఒకే సినిమా తెలిసినవాళ్లకి కల్పన, తెలియనివాళ్లకి సాక్ష్యం అవుతోంది. మనకి ఇది కొత్త కాదు. అక్కడి మన చుట్టాలే కొందరు, మీకు తెలుగు రాయడం వస్తుందా అని ఆశ్చర్యపోతారు. తమిళనాడు గురించి వాళ్లకి తెలిసింది సినిమాల్లో చూసిందే. అందులో మనం లేం. మనవాళ్లు తీసే పల్లెటూరి సినిమాల్లో కూడా పెద్ద మండువా ఇల్లు, పచ్చటి పొలం ఉంటాయి. ఆ పొలంలో నాటు వేసేవాళ్లు ఒక పాటలో కనబడి పోతారు.

కాబట్టి ఎదుటివాళ్లకి కళ్లు మనమే అయినప్పుడు బాధ్యత పెరుగుతుంది. అందంగా చెప్పు, నవ్వించు, కానీ మనిషిని వదిలేయకు. అందరినీ ఒకే కథలో ఇరికించడం ఎవరివల్లా కాదు, అది నిజమే. అందుకే మిగతా సగం బాధ్యత చూసేవాళ్లది. నవ్వుకున్న తర్వాత, ఇందులో ఎవరు లేరు అని ఒక్కసారి అడగాలి. ఆ ప్రశ్న వల్ల నవ్వు తగ్గదు. నేను ఆ సినిమా రెండోసారి చూశాను, బొమ్మ ఫోటోలు వచ్చినప్పుడు మళ్లీ నవ్వాను కూడా.

ఇక లేనివాళ్లు చేయాల్సింది కూడా ఒకటుంది. మనల్ని ఎవరో వచ్చి చెబుతారని కూర్చోకుండా, మన వీధిని మనమే చెప్పాలి. మా అవ్వ పొద్దున్నే సంతలో మూడు భాషల్లో బేరమాడే తీరు ఏ క్యాలెండర్‌లోనూ రాలేదు. వచ్చే సంచికకి దాన్నే రాస్తున్నాను. గులాబీలు కోసే వాళ్ల గురించి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ల గురించి మీలో ఎవరికి తెలిస్తే వాళ్లు రాయండి.