కావలివాని కూలి

చెనిక్కాయల చేనికి రాత్రి కావలి పెట్టుకొందుము. అతడు తెల్లవార్లు మంచె మీద మేలుకొని యుండును. ఒక రాత్రి అడవిపంది ఒక్కటియు రాలేదు. ఉదయము రైతు వచ్చి, "పందులే రాలేదు గదా, నీవు చేసిన పని యేమి?" అని కూలి తగ్గించిన యెడల, మన పూతలపట్టు వైపు ఎవరైనను దానిని న్యాయమందురా? అనరు. అయితే చేను విషయములో తెలిసినది మనుష్యుల విషయములో మనకు తెలియుట లేదు.

హాకీ క్రీడాకారిణి ఎతిమరపు రజని మనకు దూరపు మనిషి కాదు. ఎర్రావారిపాళెము మండలములోని పల్లెటూరి బిడ్డ. 2022 వరకు అదియు మన చిత్తూరు జిల్లాయే. ఆమె గోల్ కీపర్. ఆ ఆటలో అలసిన వారిని పిలిచి వేరొకరిని పంపుచుందురు గాని, గోల్ ముందు నిలిచినవారిని అంత సులభముగా మార్చరు. కనుక రెండవ గోల్ కీపర్ సిద్ధపడి కూర్చుండి, పిలుపు రాకయే ఇంటికి పోవు దినములు అనేకములు. రజని భారతదేశము తరపున ఎన్నో ఆటలలో గోల్ కాచినది. అయినను పెద్ద పోటీలలో ముందు నిలిచినది హర్యానాకు చెందిన సవిత.

2017 నవంబరు 5న జపానులో ఆసియా కప్పు చివరి ఆట. చైనాతో 1-1గా ముగిసి, షూటౌటులో మనవారు 5-4తో గెలిచిరి. అడ్డుకొనినది సవిత. బంగారు పతకము రజనికిని వచ్చెను. 2018లో జకార్తాలో వెండి, 2022లో బర్మింగ్‌హాములో కంచు పతకము వచ్చినప్పుడును అంతే. ఆడిన నిమిషములు లెక్కించి పతకమును కోసి పంచలేదు.

ఇది న్యాయమా, దయయా? సిక్లగు కథ జ్ఞాపకము చేసికొనుడి. అమాలేకీయులను తరుముచు 600 మంది బయలుదేరిరి. 200 మంది సొమ్మసిల్లి బెసోరు వాగు దాటలేక సామానుయొద్ద ఆగిపోయిరి. వారు సోమరులు కారు, అదే దారిని నడిచి వచ్చినవారే. గెలిచి వచ్చిన వారిలో కొందరు, వారికి భార్యాబిడ్డలను మాత్రమే అప్పగింతుము, సొమ్ములో పాలు లేదనిరి. దావీదు ఒప్పుకొనక, యుద్ధమునకు పోయినవానికిని సామాను కాచినవానికిని సమభాగమని కట్టడ చేసెను.

ఇక్కడ ఒక మాట చెప్పవలెను. ఈ కథను మనము తరచుగా తలక్రిందులుగా వాడుచున్నాము. పండుగనాడు పొయ్యి దగ్గర పొగలో నిలిచి అందరికి వండిన స్త్రీలతో, "నీ పనియు గొప్పదే, ఓర్చుకొమ్మా" అందుము. పెద్దల కూటములో వారికి చోటు మాత్రము ఉండదు. ఇట్టి ఓదార్పు చవుకైనది. దావీదు తన కట్టడను వాగు దగ్గర కూర్చున్న 200 మందికి బోధగా వినిపింపలేదు. సొమ్ము చేతిలోనున్న 400 మందితో చెప్పెను. చేయి తెరువవలసినది వారే గదా!

రజని కూర్చున్న దినములలో ఆమె మనస్సులో ఏమున్నదో మనమెవ్వరము చెప్పగలము? పిలుపు రాని సాయంకాలము ఎవరికైనను బరువే. దావీదు వాగు దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు, పంపకము మాట పుట్టక మునుపే ఆ 200 మంది యొద్దకు వెళ్లి వారి క్షేమము విచారించెను.