కల్పనకు స్వామి యెవఁడు?

విద్య పంచినకొలఁది పెరుగునని బడిలో నేర్పువారము గావున, ఒక నూతనకల్పనకు ఇరువది సంవత్సరములు ఒక్కఁడే స్వామి యనుట మాకు రుచించునది కాదు. జగదీశ చంద్ర బోసుగారికిని రుచింపలేదు. విద్యుత్తరంగములను పసిగట్టు సాధనమునకు ఆయన 1904లో అమెరికాలో పేటెంటు పొందినది మిత్రుల యొత్తిడివలననే. దానితో ధనార్జనకుఁ బూనలేదు. ఆ త్యాగము వంద్యము. కాని ప్రెసిడెన్సీ కళాశాలలో జీతముగల ఆచార్యుని త్యాగమును, అప్పుచేసి యంత్రము కట్టిన యువకునినుండి కోరుట న్యాయమా?

పూర్వుల మార్గము ఇంతకంటె ఉదారమా? ఎన్నియో పనుల మర్మములను తండ్రి కొడుకునకు మాత్రమే చెప్పెను; కొడుకు లేనిచో ఆ విద్య వానితోనే కాలిపోయెను. గుప్తవిద్యను పొగడువారు ఈ బూడిదను లెక్కింపరు. పేటెంటు ఇందుకు విరుద్ధమైన యొడంబడిక: ఆ పనిలో నేర్పరియైనవాఁడు చదివి చేయఁగలుగునట్లు కల్పకుఁడు మర్మమును వ్రాసి యీయవలెను; ప్రభుత్వము మితకాలము అన్యులను వారించును; పిమ్మట నది యందఱిది.

లోక మెఱిఁగినదానికి మాత్రము ఈ హక్కు చెల్లదు. పసుపు గాయమును మాన్పునని 1995లో అమెరికాలో నిచ్చిన పేటెంటును, మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనమండలి ప్రాచీనగ్రంథములు చూపి 1997లో రద్దుచేయించెను. మన యవ్వల పక్షమున వాదించుటకు ఒక మండలి యుండెను, చిన్నకల్పకునకో? నేఁడు మన దేశమున, అంతర్జాలమున దాఖలుచేయు దరఖాస్తునకు గుర్తింపుపొందిన స్టార్టప్పులు 1600 రూపాయలును, పెద్దసంస్థలు 8000 రూపాయలును చెల్లించును. ఇంతవఱకు మేలే. హక్కు నతిక్రమించిన ధనికునిపై వ్యాజ్యెము నడుపుట మాత్రము ఇంత చౌక గాదు. ఆ వ్యయమునకు వెఱచి మిన్నకుండువానికి పేటెంటు పత్రము గోడకుఁ దగిలించుటకుఁ దప్ప దేనికిఁ బనికివచ్చునో మాకుఁ దోఁపకున్నది.