ఆట ఎరుగని బొమ్మ: సేకర్త రుణం గురించి ఒక నైతిక విచారణ

ప్రస్తావన

పిల్లల ఆట కోసం తయారైన వస్తువును పెట్టె విప్పకుండా జీవితకాలం దాచి ఉంచడం ధర్మమా? పైకి ఇది చిన్న ప్రశ్న. కాని వస్తువు, దాని ప్రయోజనం, దాని విలువ అనే మూడింటి మధ్య ఉండవలసిన సంబంధాన్ని ఇది పరీక్షకు పెడుతుంది. విజ్ఞానకల్పన చిత్రాల పాత్రల బొమ్మలను, వాటి రోదసి నౌకలను, ప్లేసెట్లను సేకరించేవారిలో చాలామంది విప్పని బొమ్మకు ఇచ్చే గౌరవం విప్పిన బొమ్మకు ఇవ్వరు. ఒక వస్తువు ఏ పని కోసం పుట్టిందో ఆ పనికి దూరమైనకొద్దీ దాని ధర పెరగడం ఇక్కడి వైచిత్రి. అమెరికాలోని కెన్నర్ సంస్థ 1985 వరకు తయారుచేసిన తొలి ‘స్టార్ వార్స్’ బొమ్మలను ఆధారంగా తీసుకొని ఈ వైచిత్రిలోని నైతికాంశాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆట కోసం రూపొందిన కొలత

‘యాక్షన్ ఫిగర్’ అనే పేరు 1964లో హాస్‌బ్రో సంస్థ తెచ్చిన జి.ఐ. జో అనే సైనికుడి బొమ్మతో వ్యాప్తిలోకి వచ్చింది. ‘డాల్’ అంటే ఆడపిల్లల ఆటవస్తువు అన్న భావం అక్కడ బలంగా ఉన్నందువల్ల మగపిల్లలకు అమ్మడానికి వేరే పేరు అవసరమైంది. ఆ బొమ్మ ఎత్తు దాదాపు 12 అంగుళాలు. అదే కొలతతో రోదసి నౌకను చేస్తే అది ఇంట్లో పట్టదు. సిన్సినాటి నగరానికి చెందిన కెన్నర్ తన బొమ్మలను మూడుముప్పావు అంగుళాలకు కుదించడానికి ఇదొక ముఖ్య కారణం. నౌకలో చాలకుడు కూర్చోవాలి, ప్లేసెట్‌లోని అంతస్తుల మధ్య పాత్రలు తిరగాలి. అంటే బొమ్మ, నౌక, స్థలం అనే మూడూ పరస్పరాపేక్షతో రూపొందాయి. పెట్టె విప్పని సేకరణలో ఈ అపేక్ష తీరదు. ‘మిలీనియం ఫాల్కన్’ నౌక తన పెట్టెలోనూ, దాని నాయకుడు హాన్ సోలో తన అట్టమీదా ఒకే అలమరలో ఉంటారు కాని ఎన్నడూ కలుసుకోరు.

వస్తువుకు ముందే కోరిక పుట్టగలదనడానికీ ఈ చరిత్రే సాక్ష్యం. చిత్రం 1977 మే 25న విడుదలైంది. ఆ ఏడాది క్రిస్మస్‌ నాటికి బొమ్మలు సిద్ధం కాలేదు. కెన్నర్ అట్టతో చేసిన ఒక కవరును, అందులో ఒక హామీపత్రాన్ని పెట్టి అమ్మింది. పత్రాన్ని తపాలాలో పంపినవారికి 1978 తొలి నెలల్లో నాలుగు బొమ్మలు చేరాయి. పండుగనాడు పిల్లల చేతికి వచ్చింది నిరీక్షణ మాత్రమే. ఆ కవరు కూడా నేడు సేకర్తలు వెదికే వస్తువు.

అన్యాయం ఎవరికి?

అరిస్టాటిల్ తన ‘పాలిటిక్స్’ తొలి భాగంలో చెప్పుకు రెండు ఉపయోగాలను చూపుతాడు: తొడుక్కోవడం, మారకం చేయడం. రెండూ చెప్పు ఉపయోగాలే అయినా రెండవది దాని స్వకీయ ప్రయోజనం కాదంటాడు. ఈ విభజనను అన్వయిస్తే విప్పని బొమ్మ స్వకీయ ప్రయోజనాన్ని పోగొట్టుకొని మారకానికే మిగిలినట్టు తేలుతుంది. అయితే ప్రయోజనం నెరవేరకపోవడం వేరు, అన్యాయం జరగడం వేరు. అన్యాయమంటే అది ఎవరికో ఒకరికి జరగాలి.

1999లో వచ్చిన ‘టాయ్ స్టోరీ 2’ చిత్రం ఆ బాధితుడిని బొమ్మలోనే చూపింది. ఎన్నడూ పెట్టె విడిచి రాని ఒక బొమ్మ అందులో ద్వేషంతో నిండిపోతుంది. ఆడుకునే బాలుడు ఏదో ఒకనాడు పెద్దవాడవుతాడని తెలిసీ కథానాయకుడైన బొమ్మ అతని దగ్గరికే తిరిగి వెళుతుంది. ఈ పరిష్కారం హృద్యమే, కాని బొమ్మకు మనసుందన్న కల్పనమీద నిలిచింది. నిజమైన ప్లాస్టిక్‌కు ఎదురుచూపు లేదు. ఇక పిల్లల సంగతి. 1978నాటి పిల్లలు నేడు నడివయసు దాటినవారు. నేటి పిల్లలకు బొమ్మల కొరత లేదు. కాబట్టి ఒక పెట్టెను మూసి ఉంచినందువల్ల ఫలానా బిడ్డ నష్టపోయిందని చూపడం కష్టం.

ఆడకపోవడమే దోషమన్న వాదానికి తెలుగువారి బొమ్మల కొలువు చక్కని ప్రతివాదం. కొన్ని ప్రాంతాలలో సంక్రాంతికి, మరికొన్ని చోట్ల దసరాకు మెట్లమీద తీర్చే ఆ బొమ్మలను పిల్లలు ముట్టుకుంటే పెద్దలు కోప్పడతారు. పండుగ కాగానే అవి పాతబట్టల్లో చుట్టుకొని మళ్లీ పెట్టెలోకి చేరతాయి. ఏడాదిలో అత్యధిక కాలం వాటికి చీకటే. అయినా దీన్ని ఎవరూ లోభమనరు. ఆ దాపరికానికి విడుపు ఉంది: పేరంటానికి ఇరుగుపొరుగు వస్తారు, ఏ బొమ్మ ఏ ఊరినుంచి ఎవరి చేత వచ్చిందో ఇంటి ఇల్లాలు చెబుతుంది, తల్లి కొలువు కూతురికి సంక్రమిస్తుంది. కాబట్టి మూసి ఉంచడం తనంతట తాను దోషం కాదు. ఎవరి కోసం మూసి ఉంచారన్నదే విచార్యం.

విలువను సృష్టించినవారు

1978నాటి ఒక విప్పని బొమ్మ విలువ ఎక్కడినుంచి వచ్చింది? పనితనం నుంచి కాదు; ఇవి అచ్చుల్లో పోసి కోట్ల సంఖ్యలో అమ్మినవి. ఆ విలువకు రెండు ఆధారాలున్నాయి. అత్యధికభాగం బొమ్మలను పిల్లలు విప్పారు, రంగు పోయేదాకా ఆడారు, చిన్న చిన్న ఆయుధాలను పెరటి మట్టిలో పోగొట్టారు. దానివల్ల విప్పనివి అరుదయ్యాయి. ఆడినవారు పెద్దవారై ఆ బొమ్మలను మరచిపోలేకపోయారు. దానివల్ల వాటిమీద మక్కువ నిలిచింది. అరుదుతనం, మక్కువ రెండూ ఆడినవారి చేతుల్లోనే పుట్టాయి. వారు అనుభవించి నాశనం చేసినదే, అనుభవించని ఒకరి దగ్గర ధనంగా పేరుకుంది.

1995లో కెన్నర్ పేరుతోనే మళ్లీ మొదలైన శ్రేణి ఈ విషయాన్ని వ్యతిరేక ముఖంగా నిరూపిస్తుంది. ముందు ముందు ధర వస్తుందన్న ఆశతో ఎందరో పెద్దలు వాటిని కొని పెట్టెలతోనే భద్రపరిచారు. దాచినవారే ఎక్కువైనందున వాటిలో అధికభాగం నేటికీ చౌకగానే దొరుకుతున్నాయి. అందరూ దాచిన వస్తువుకు విలువ పుట్టదు.

ఆడినవారే లేని నమూనాకు అత్యధిక ధర పలకడాన్ని దీనికి ఆక్షేపణగా చూపవచ్చు. వీపునుంచి క్షిపణిని పేల్చే బోబా ఫెట్ బొమ్మను 1979లో తపాలా ద్వారా అందిస్తామని కెన్నర్ ప్రకటించింది. ఆ రోజుల్లోనే మరొక రోదసి ఆటవస్తువునుంచి వెలువడిన చిన్న క్షిపణి గొంతులో చిక్కుకొని ఒక బాలుడు మరణించాడు. కెన్నర్ పేల్చే ఏర్పాటును విరమించుకొని, క్షిపణి కదలని బొమ్మనే పిల్లలకు పంపింది. పేల్చగల నమూనాలు కొన్ని మాత్రమే మిగిలాయి. వాటిలో ఒకటి 2024లో 5,25,000 డాలర్లకు వేలంలో అమ్ముడైంది. దీనితో ఆడిన బాలుడు లేడు, నిజమే. కాని దానికోసం ఎదురుచూసినవారు పిల్లలే. వారి తీరని కోరికే ఈ ధరకు మూలధనం. అది తీరకుండా ఆపింది కూడా మరో పిల్లవాడి ప్రాణం నేర్పిన జాగ్రత్త. ఆక్షేపణ రుణాన్ని తొలగించలేదు, మరింత గంభీరం చేసింది.

రుణవిమోచనం

ధనానికి దానం, భోగం, నాశం అని మూడు గతులను భర్తృహరి నీతిశతకం చెప్పింది. ఇవ్వక, అనుభవించక ఉంచినదానికి మూడవది తప్పదని దాని తాత్పర్యం. విప్పని బొమ్మ నాశాన్నుంచి తప్పించుకున్నట్టు పైకి కనిపిస్తుంది. నిపుణులు దానికి నూటికి ఇన్ని మార్కులని వేసి అక్రిలిక్ పెట్టెలో బిగిస్తారు. అయినా ఎవరూ చూడని, ఎవరికీ కథ చెప్పని బొమ్మకు ఆకారం చెడకుండానే అర్థం నశిస్తుంది. భర్తృహరి చెప్పిన మూడవ గతి దానికి ఆ రూపంలో పడుతుంది.

సేకరణలోనూ భోగం ఉందని గుర్తించాలి. వస్తువును ఉపయోగమనే చాకిరీనుంచి విడిపించేవాడు సేకర్త అని వాల్టర్ బెంజమిన్ భావించాడు. ఆ విముక్తి కొత్త అర్థానికి దారితీసినప్పుడే సార్థకం. అమెరికాలోని జాతీయ ఆటవస్తువుల కీర్తిమందిరం 2012లో ‘స్టార్ వార్స్’ బొమ్మలకు స్థానమిచ్చింది. అటువంటి స్థలాల్లో విప్పని ప్రతి ఒకటి ఉండటం అవసరం. తొలినాటి రంగు, అట్టమీది బొమ్మ, జావా పాత్రకు మొదట తొడిగి, కొద్దికాలానికే గుడ్డతో మార్చేసిన వినైల్ అంగీ వంటి వివరాలకు అదే ప్రమాణం. దానిని అందరూ చూడగలగడం సేకర్త చేసే దానానికి ఒక రూపం.

ముగింపు

విప్పకుండా దాచడం బొమ్మకు చేసే ద్రోహం కాదు, పిల్లలకు చేసే అన్యాయమూ కాదు. ఆ విలువను తన నిగ్రహానికి దక్కిన ప్రతిఫలంగా భావించి, ఆడి అరగదీసినవారిని అవివేకులుగా చూడటంలోనే దోషం ఉంది. అప్పిచ్చినవాడిని మరచిపోవడం వంటిదది. సేకర్త తన పెట్టెలను మూసే ఉంచవచ్చు. కాని కొలువు తీర్చే ఇల్లాలికున్నట్టు అతనికీ తలుపు తీయవలసిన రోజు ఒకటి ఉండాలి. ఆ రోజున విప్పని బొమ్మ పక్కనే, రంగు పోయి చేయి విరిగిన దాని జతను కూడా అదే మెట్టుమీద కూర్చోబెట్టడం న్యాయం. మొదటిదానికి ధర వచ్చింది రెండవదానివల్లే.