సెంటుబుడ్డిలో వ్యక్తిత్వం

మనిషి పూసుకునే సెంటును బట్టి ఆ మనిషి వ్యక్తిత్వాన్ని చెప్పవచ్చుననే అభిప్రాయం చాలామందిలో ఉంది. సెంట్లు అమ్మేవాళ్లు ఇలా అనడంలో ఆశ్చర్యం లేదు. అది వాళ్ల వ్యాపారం. కాని చదువుకున్నవాళ్లు, మనిషికీ వస్తువుకీ గల సంబంధాన్ని గురించి ఎంతోకొంత ఆలోచించినవాళ్లు కూడా దీన్ని నమ్ముతారు. ఫలానా ఆమె సెంటు ఘాటుగా ఉంటుంది కనక ఆమె గడసరి. ఫలానా ఆయనది చందనం కనక ఆయన నెమ్మదస్తుడు. మనలోనే మరికొందరున్నారు. సెంటు పూసుకున్న ప్రతివాణ్నీ బూర్జువా అని ఒక్క మాటతో తీసిపారేస్తారు. ఈ రెండు తీర్పులకూ చుక్కెదురని వాళ్లనుకుంటారు గాని, నిజానికి రెండూ ఒక్కటే. రెండూ సీసాను చూసి మనిషిని కొలిచేవే.

లోకంలో అందరికంటే ఎక్కువ పేరు మోసిన సెంటునే తీసుకుని ఈ సంగతి తేల్చుకుందాం. షనెల్ నంబర్ 5 అనేది 1921లో పారిస్‌లో వెలువడింది. దాన్ని తయారుచేసిన ఎర్నెస్ట్ బో మాస్కోలో పుట్టి, అక్కడి రాలే కంపెనీలో పనిచేసి, విప్లవం తర్వాత ఫ్రాన్సు చేరినవాడు. చేయించినది దుస్తుల వ్యాపారం చేసే గాబ్రియేల్ షనెల్. అతను నంబర్లు వేసి చూపిన నమూనాల్లోంచి ఆమె అయిదో నంబరును ఎంచుకుంది. అందులో జాజి ఉంది, గులాబీ ఉంది, చందనం ఉంది. వాటికి తోడు ఆల్డిహైడ్లనే రసాయనాలు అంతవరకు అలవాటు లేనంత మోతాదులో పడ్డాయి. అంచేత ఆ వాసన ఫలానా పువ్వుదని ఎవరూ చెప్పలేరు. ఉతికి ఆరేసిన బట్టలో ఉండే శుభ్రత లాంటిదేదో అందులో తగులుతుంది.

మరి ఈ సెంటుకు అంటగట్టిన వ్యక్తిత్వం ఎలాంటిది? డబ్బున్న, నాగరికురాలైన, ఎవరికీ లొంగని స్త్రీ. ప్రకటనలు నూరేళ్లుగా ఆ స్త్రీనే చూపిస్తున్నాయి. షనెల్ మాత్రం 1883లో సోమ్యూర్ పట్టణంలో ఒక ధర్మాసుపత్రిలో పుట్టింది. తండ్రి ఊరూరా తిరిగి సరుకులమ్ముకునేవాడు. తల్లి చాకిరేవు పని చేసింది. తల్లి పోయాక ఆ పిల్ల ఒబజీన్‌లో సన్యాసినులు నడిపే అనాథశరణాలయంలో పెరిగింది. పెద్దయ్యాక ఈ బాల్యాన్ని బతికినంత కాలమూ దాచింది. తనను మేనత్తలు పెంచారని కథలు చెప్పింది. ఉతికిన బట్ట వాసన మీద ఆమెకు మక్కువ ఎక్కడ కలిగిందో ఊహించవచ్చు. అయితే ఊహ ఊహే, దాని మీద సిద్ధాంతం కట్టకూడదు.

ఈ సెంటుకు రెండో ముఖం మార్లిన్ మన్రో. రాత్రిళ్లు ఏం వేసుకుని పడుకుంటావని పత్రికలవాళ్లు అడిగితే ఆమె ఈ సెంటు పేరు చెప్పిందని 1952లో లైఫ్ పత్రిక రాసింది. 1960లో ఒక ఫ్రెంచి పత్రికా సంపాదకుడి ముందు ఆమె ఆ మాటను మళ్లీ తలుచుకుంది, అది టేపు మీద మిగిలింది. ఆ జవాబు ఆమె వ్యక్తిత్వానికి అద్దమని లోకం అంది. నాకు మాత్రం అది తలుపు మూసిన జవాబులా కనిపిస్తుంది. ఒక స్త్రీని అడగకూడని ప్రశ్న అడిగారు. తిట్టే వీలు లేదు, నిజం చెప్పే అవసరమూ లేదు. దుకాణంలో దొరికే ఒక సరుకు పేరు అడ్డం పెట్టి ఆమె తప్పించుకుంది. ఈమె కూడా 1935లో లాస్ ఏంజెలిస్‌లో అనాథశరణాలయంలో చేరిన పిల్లే. ఆమె 1962లో చనిపోయింది. 2013లో కంపెనీ ఆ టేపులోని గొంతును తీసుకుని తన ప్రకటనకు వాడుకుంది.

శరణాలయాల్లో పెరిగిన ఇద్దరు ఆడపిల్లల పేర్లతో ఈ సీసాకు వ్యక్తిత్వం వచ్చింది. వాళ్ల బాల్యాలు మాత్రం సీసాలోకి రాలేదు. సీసా మనిషికి వ్యక్తిత్వం ఇస్తోందనుకోవడం తలకిందులు ఆలోచన. మనుషుల దగ్గర తీసుకున్నదాన్ని మళ్లీ మనుషులకే ఔన్సుల లెక్కన అమ్ముతున్నారు.

సెంటును బట్టి మనిషిని చెప్పేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 1924లో ఈ సెంటు వ్యాపారానికి ప్రత్యేకంగా కంపెనీ పెట్టినప్పుడు పెద్ద వాటా వెర్థైమర్ సోదరులది. షనెల్‌కు దక్కింది నూటికి 10 వంతులు. దాని మీద ఆమెకు కడుపుమంట. మదుపుదార్ల చేతిలో తాను మోసపోయానని ఆమె వాదన. ఆ వాదనలో కొంత న్యాయం ఉందని కూడా ఒప్పుకుందాం. కాని 1941లో, పారిస్ నాజీల కింద ఉన్నప్పుడు, ఆమె ఆ న్యాయం కోసం వెళ్లింది ఎక్కడికి? యజమానులు యూదులు కనక కంపెనీని తనకు ఇప్పించమని ఆక్రమణదార్లకే అర్జీ పెట్టుకుంది. వెర్థైమర్లు ముందుచూపుతో వాటాలను యూదుడు కాని ఒక ఫ్రెంచివాడి పేర పెట్టి అమెరికా వెళ్లిపోయారు కనక ఆ అర్జీ పారలేదు. ఆ ఏడాది సెంటు వాసన ఏమన్నా మారిందా? 1944లో పారిస్ విముక్తమయ్యాక అమెరికా సిపాయిలు ఇంటి దగ్గరి ఆడవాళ్ల కోసం అదే సెంటు కొనడానికి ఆమె దుకాణం ముందు బారులు తీరారు. మనిషి చేసిన పనిని సీసా చెప్పదు.

ఇదంతా పెట్టుబడిదారీ లోకపు సంగతి అని మనం తృప్తిపడడానికి వీల్లేదు. మాస్కోలో బ్రొకార్ కంపెనీని విప్లవ ప్రభుత్వం జాతీయం చేసింది. అది తర్వాత ‘నోవయా జార్యా’ ఫాక్టరీ అయింది. ఒగ్యుస్త్ మిషెల్ అనే ఫ్రెంచి నిపుణుడు అక్కడే ఉండిపోయాడు. అతని చేతి మీదుగా వచ్చినదని చెప్పే ‘ఎర్ర మాస్కో’ సెంటు సోవియట్ స్త్రీల సెంటుగా పేరు తెచ్చుకుంది. కొన్నాళ్లు ఆ ఫాక్టరీకీ, తర్వాత సెంట్ల ట్రస్టుకూ అధిపతిగా ఉన్నది పొలీనా జెంచూజినా, మొలొతోవ్ భార్య. 1949లో ఆమెను అరెస్టు చేశారు, ప్రవాసం పంపారు. స్టాలిన్ చనిపోయాక 1953లో గాని ఆమె బయటపడలేదు. సీసా మీది ఎర్ర మాట అక్కడా దేన్నీ చెప్పలేదు, ఎవరినీ కాపాడలేదు.

అయితే సెంటుకూ మనిషికీ అసలు సంబంధమే లేదా? ఉంది. ఒకే సెంటు ఇద్దరి చర్మం మీద ఒకేలా ఉండదు. ఒంటి వేడి, జిడ్డు, చెమట దాన్ని మారుస్తాయి. దానికన్నా ముఖ్యమైనది మరొకటి. పూసుకున్న కాసేపటికి ఆ వాసన పూసుకున్నవాళ్లకే తెలియకుండా పోతుంది, ముక్కు అలవాటుపడుతుంది. మన దగ్గర ఉండి మనకు తెలియక, పక్కవాడికి మాత్రమే తెలిసేది వాసన. మన తాత్వికులు మనసులో నిలిచిపోయిన సంస్కారానికి ‘వాసన’ అని పేరు పెట్టినప్పుడు పూర్వజన్మల మాట కలిపారు. పూర్వజన్మలను నేను నమ్మను. కాని మనకు తెలియకుండా మనలో ఇంకిపోయినదనే అర్థంలో ఆ పేరు బాగా కుదిరింది.

ఆ ఇంకిపోయినదే అసలు విషయం. కూలిజనం దగ్గర వాసన వస్తుందని తనలాంటి మధ్యతరగతి పిల్లలకు చిన్ననాటినుంచే నూరిపోశారని జార్జ్ ఆర్వెల్ 1937లో వైగన్ గనుల ప్రాంతాన్ని గురించిన తన పుస్తకంలో రాశాడు. అభిప్రాయాన్ని వాదించి మార్చవచ్చు, ఒంటికి పట్టిన ఏవగింపును మార్చడం కష్టమని అతని బాధ. ఫ్రాన్సులో సెంట్లకు కాణాచి అయిన గ్రాస్ పట్టణం మొదట తోళ్లు ఊనే ఊరు. తోలు చేతొడుగుల కంపు ప్రభువుల ముక్కుకు తగలకుండా వాటికి పరిమళం పట్టించడంతోనే అక్కడ ఈ వృత్తి పెరిగింది. నంబర్ 5కు జాజిపూలు వచ్చినదీ ఆ ఊరి తోటలనుంచే. కిలో తూగాలంటే 8,000 పూలకు పైగా కావాలి. తెల్లవారుజామునే వంగి కోసే ఆ ఆడకూలీల చేతులకు అంటిన జాజివాసనను వ్యక్తిత్వమని ఎవరూ అనలేదు.

మన భాషలో చేపల వాసనకూ మాంసం వాసనకూ ‘నీచు’ అని పేరు. ఆ మాట పలకగానే చెవికి ఇంకేం వినపడుతుందో వేరే చెప్పాలా? చేపలమ్మే ఆమె పక్కన బస్సులో కూర్చోడానికి జంకే పెద్దమనిషి, ఆమె వ్యక్తిత్వాన్ని గురించి ఆలోచించడు. వాసన తగిలీ తగలకముందే కులం పోల్చేస్తాడు. మన పట్టణాల్లో ఇల్లు అద్దెకు అడిగిన కుర్రవాణ్ని చాలాచోట్ల పేరు తర్వాత అడిగే ప్రశ్న, “నీచు వండుతారా?” అని. కులం అడగడానికి ఈ రోజుల్లో కాస్త మొహమాటం ఉంది, ముక్కుకు ఆ మొహమాటం లేదు. అడిగే ఇంటాయన మంచివాడే కావచ్చు, మన పత్రిక చందాదారే కావచ్చు. ఆయన ముందుగదిలో పొద్దస్తమానం అగరొత్తులు వెలుగుతుంటాయి. గడపలో అడుగుపెట్టిన కుర్రవాడికి ఆ వాసన గుప్పున తగులుతుంది. ఆయనకు మాత్రం అది తెలియడం ఎప్పుడో మానేసింది.