వనాల ఆహ్లాదం: అనుగ్రహమా? అశ్రద్ధా?

బాలానగర్ లాంటి పారిశ్రామికవాడలో నివసించేవారికి వారమంతా యంత్రాల మోత, లారీల పొగ తప్పవు. సెలవు రోజున వారిలో కొందరు పిల్లలను వెంటబెట్టుకుని కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కు వెళ్తుంటారు. హైటెక్ సిటీ అద్దాల మేడలకు చేరువలో సుమారు 270 ఎకరాల అడవి నీడ అది. అక్కడ కాసేపు కూర్చుంటే మన ఇళ్ళల్లో అనుకునేట్టు 'దిల్ బాగ్ బాగ్' అవుతుంది. అయితే ధర్మచింతన గల సోదరులు కొందరు, "ఆ సమయంలో ఖుర్ఆన్ పారాయణం చేసుకుంటే పుణ్యమైనా దక్కేది కదా! చెట్లను చూసి మురిసిపోవటం విశ్వాసికి తగునా?" అని అడుగుతుంటారు.

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదు. హజ్రత్ అబూ తల్హా (రజి) ఒకసారి తన తోటలో నమాజు చేస్తుండగా, దట్టమైన కొమ్మల మధ్య దారి దొరక్క ఎగురుతున్న ఒక పిట్ట ఆయన చూపును ఆకట్టుకుంది. ఎన్ని రకాతులు చేశారో మరచిపోయారు. వెంటనే దైవప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి ఆ తోటను దానమిచ్చేశారు. ఈ ఉదంతం ఇమామ్ మాలిక్ (రహ్మ) గారి ముఅత్తాలో ఉంది.

అంటే తోటలోని ఆనందమే దోషమా? కాదు. సూరె నమ్ల్ 60వ ఆయతులో అల్లాహ్ తాను మొలిపించిన తోటలను ప్రస్తావిస్తూ 'బహ్జత్' అనే పదం వాడాడు. చూపరులకు ఆహ్లాదం కలిగించే శోభ అని దాని భావం. అక్కడ పండ్ల లాభం, కలప లాభం ప్రస్తావనే లేదు. కంటికి కలిగే ఆ సంతోషమే ఒక సూచన. బైరుహా అనే తోటలోకి దైవప్రవక్త (స) స్వయంగా వెళ్ళి అక్కడి తియ్యని నీరు త్రాగేవారని బుఖారీ హదీసు తెలుపుతోంది. అది కూడా అబూ తల్హా (రజి) గారిదే. తనకు అన్నిటికన్నా ప్రియమైన ఆ తోటను సైతం ఆయన అల్లాహ్ మార్గంలో ఇచ్చేసి, బంధువులకు పంచిపెట్టారు.

దీనికి భిన్నంగా సూరె కహఫ్‌లోని ఇద్దరు మిత్రుల ఉదంతం చూడండి. ద్రాక్షతోటల యజమాని తోటలోకి అడుగుపెట్టి, ఇది ఎన్నటికీ నశించదని విర్రవీగాడు. 'మాషా అల్లాహ్' అనవలసిన చోట తనను తాను పొగడుకున్నాడు. చివరికి తోట కూలిపోయింది, చేతులు నలుపుకోవటమే అతనికి మిగిలింది. అతని తప్పు ఆనందించటం కాదు, ఇచ్చినవాడిని మరవటం.

కనుక మా దృష్టిలో గీటురాయి ఇది: ఆ ఆనందం మనల్ని కృతజ్ఞత వైపు, పంచుకోవటం వైపు నడిపిస్తే అది ఆరాధన. నమాజును మరిపిస్తే, 'నాది' అనే అహాన్ని పెంచితే అశ్రద్ధ.

ముస్లిం నాటిన మొక్క నుండి మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా అతనికి అది సదఖా అవుతుందని దైవప్రవక్త (స) తెలిపారు. అంటే చెట్టులో పక్షికీ వాటా ఉంది. 2025లో కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్ల నరికివేతను ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపివేసింది. భూమి ఎవరిదన్న వివాదం ఎలా ఉన్నా, అక్కడి నెమళ్ళు, జింకల వాటాను విశ్వాసి విస్మరించలేడు.

సోదర సోదరీమణులారా! తోటకు వెళ్ళండి. జనం సేదతీరే నీడను పాడుచేయటాన్ని హదీసు శాపకారణంగా పేర్కొంది. బిర్యానీ పొట్లాలు, ప్లాస్టిక్ సంచులు అక్కడ వదలి రావద్దు. అసర్ వేళయితే ఆ గడ్డి మీదే నమాజు చేసుకోండి. ఈ చెట్లను ఎవరు మొలిపించారో పిల్లలకు చెప్పండి.

ఈ లోకపు నీడలో తనను స్మరించే భాగ్యాన్నీ, పరలోకంలో స్వర్గవనాలనూ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.