దీపము లేని దీవెన



కొన్ని సంవత్సరముల క్రిందట డిసెంబరు 31వ తేది రాత్రి మా దేవాలయములో సంవత్సరాంతపు కూడిక జరిగినది. పాటలు, సాక్ష్యములు, ప్రభువు బల్ల ముగియునప్పటికి పండ్రెండున్నర దాటినది. నేను చేతులెత్తి దీవెన పలికితిని. కాలువ కవతల రెండు మైళ్ల దూరముననున్న పల్లె నుండి ఒక వృద్ధ విధవరాలును, ఆమె కోడలును, మనుమరాలును వచ్చియుండిరి. వారు సెలవు తీసికొనుటకు నా యొద్దకు రాగా, "దేవుడు మీకు తోడుగా ఉంటాడమ్మా, సమాధానంగా వెళ్ళిరండి" అని చెప్పి, దేవాలయమునకు తాళము వేసి, ప్రక్కనేయున్న నా యింటికి పోయి నిద్రించితిని.

కాలువ గట్టుమీద ఇద్దరు మనుష్యులు మోటారు సైకిలుపై వచ్చి వారిని అడ్డగించిరి. కోడలి మెడలోని గొలుసు తెంపిరి. మనుమరాలి చెయ్యి పట్టి లాగిరి. ముసలమ్మ వేసిన కేకలకు, ధాన్యపు రాశులయొద్ద కావలి పండుకొనియున్న రైతు ఒకడు టార్చిలైటు వేసికొని పరుగెత్తి రాగా ఆ దుర్మార్గులు పారిపోయిరి. ప్రాణాపాయము కలుగలేదు. కాని ఆ చిన్నది అనేక దినములు చీకటి పడినయెడల వాకిలి దాటలేదు.

తెల్లవారిన తరువాత నేను వారి యింటికి వెళ్లి, "దేవుడు కాపాడినాడమ్మా, స్తోత్రము చెల్లిద్దాము" అంటిని. ఆమె, "అవునయ్యగారూ, కాపాడినాడు. ఆ కావలివాణ్ణి లేపినాడు. కాని ఒక్క మాట అడుగుతాను, తప్పయితే మన్నించండి. మాకు ఒక లైటు ఇచ్చి, ఒక మనిషిని తోడు పంపితే దేవుడికి కోపం వస్తుందా?" అని అడిగినది.

నేను జవాబు చెప్పలేకపోతిని. బట్టయు కూడును లేని సహోదరునికి ఏమియు ఇయ్యక, మంచి మాట మాత్రము చెప్పి పంపివేయు వానిని గూర్చి యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో వ్రాసియున్నాడు. ఆ వాక్యభాగము మీద నేను ఎన్నిసార్లు ప్రసంగించితినో లెక్కలేదు. ఆ రాత్రి ఆ మనుష్యుడను నేనే.

రాత్రివేళ ఇల్లు వెడలు విశ్వాసి తన క్షేమము కొరకు ముందుగా సిద్ధపడుట అవిశ్వాసమా? ఈ ప్రశ్నను ఆ ముసలమ్మ నా యెదుట పెట్టినది. క్రిస్మసు పాటలకు, పెండ్లికి, జాతరకు, సినిమాకు వెళ్లి ప్రొద్దుపోయి వచ్చువారు మన సంఘములలో ఉన్నారు. పట్టణములలో రాత్రి ఉద్యోగము చేసి గదికి చేరుకొను మన కుమార్తెలున్నారు. గనుక ఈ ప్రశ్న మనందరిదియును.

పరిశుద్ధ గ్రంథములో పక్కపక్కన రెండు పుస్తకములున్నవి. ఎజ్రా విస్తారమైన వెండి బంగారములతో బబులోను నుండి యెరూషలేమునకు నాలుగు నెలల ప్రయాణము చేసెను. దారిలో శత్రువులును పొంచియుండు వారును ఉన్నారని అతనికి తెలియును. అయినను, దేవుని హస్తము మాకు తోడైయున్నదని రాజుతో చెప్పియుండెను గనుక, సైనికులను అడుగుటకు సిగ్గుపడి, ఉపవాసముండి ప్రార్థించి బయలుదేరెను (ఎజ్రా 8). నెహెమ్యాయు ఆ దేవునినే నమ్మినవాడు. రాజు అతనితో అధిపతులను, గుఱ్ఱపు రౌతులను పంపగా అతడు వారిని వెనుకకు పంపలేదు (నెహెమ్యా 2). దేవుడు ఈ యిద్దరిలో ఎవరిని గద్దించినట్లు వ్రాయబడలేదు.

అట్లయిన ఎజ్రావలె నేనును తోడు లేకుండ పంపితిని గదా అని మొదట నన్ను నేను సమర్థించుకొంటిని. కాని ఆ అధ్యాయము మరల చదువగా నా నోరు మూతపడినది. ఎజ్రా ఏమరుపాటు గలవాడు కాడు. ప్రజలను సమకూర్చి, నది యొద్ద మూడు దినములు ఆగి, వెండి బంగారములను తూచి నమ్మకమైన యాజకులకు అప్పగించెను. అతడు రాజు నడుగకపోవుటకు అతని సాక్ష్యము కారణము. నేను తోడు పంపకపోవుటకు నా నిద్ర కారణము. అన్నిటికంటె ముఖ్యముగా ఎజ్రా తానును ఆ దారినే నడచెను. నేనైతే ఇతరులను చీకటిలో నడువనిచ్చి ఇంట పండుకొంటిని. నా విశ్వాసమునకు వెల యేదైన ఉన్నయెడల నేను చెల్లింపవలెను గాని, ఒక ముసలమ్మ చేత చెల్లింపజేయకూడదు.

అపొస్తలుల కార్యములు 23వ అధ్యాయము చూడుడి. నీవు రోమాలో సాక్ష్యమియ్యవలెనని ప్రభువు తానే రాత్రి పౌలుతో చెప్పెను. ఇంతకంటె గట్టి వాగ్దానము ఎవరికి కావలెను? తెల్లవారగానే నలువదిమందికి పైగా మనుష్యులు అతని చంపుటకు ఒట్టు పెట్టుకొనిరి. ఈ సంగతి మేనల్లుడు వచ్చి చెప్పినప్పుడు పౌలు, నాకు వాగ్దానమున్నది, నీవు ఇంటికి పొమ్మని చెప్పలేదు. ఆ చిన్నవానిని సహస్రాధిపతి యొద్దకు పంపెను. ఆ రాత్రి యిన్నూరు మంది సైనికులును, డెబ్బదిమంది గుఱ్ఱపు రౌతులును, యిన్నూరు మంది ఈటెలవారును అతని వెంట నడచిరి. దేవాలయ శిఖరముపై సాతాను మన ప్రభువును దూకుమనినప్పుడు, కీర్తనలలోని వాగ్దానమునే ఎత్తి చూపెను. ప్రభువు దూకలేదు. దిగివచ్చుటకు దారి యుండగా దూకుట విశ్వాసము కాదు, దేవుని శోధించుటయే.

అయితే ఆయుధము పట్టవచ్చునా? ఈ విషయములో నేను నా తప్పిదమొకటి ఒప్పుకొనవలెను. ఆ సంఘటన తరువాత మా సంఘపెద్ద ఒకరు నాకు పొన్నుకఱ్ఱ ఒకటి ఇచ్చిరి. పాములకు, కుక్కలకు పనికివచ్చునని తీసికొంటిని. కొన్ని వారములు గడచిన తరువాత, కుటుంబ ప్రార్థన నుండి తిరిగి వచ్చుచు ఆ గట్టుమీద నడచునప్పుడు నా హృదయములో ఒక కోరిక కనుగొంటిని. ఆ దొంగలు ఇప్పుడు వచ్చిన బాగుండునని నా చెయ్యి కఱ్ఱను బిగించుచుండెను. అప్పుడు నేను భయపడితిని. దొంగలకు కాదు, నాకే. సిద్ధపాటు ఎక్కడ ముగియునో, పగ ఎక్కడ మొదలగునో ఆ రాత్రి నాకు తెలిసినది. కీడు రాకుండవలెనని కోరువాడు సిద్ధపడినవాడు. కీడు వచ్చిన బాగుండునని కాచుకొనువాడు ఆయుధమునకు దాసుడు.

నిర్గమకాండము 22వ అధ్యాయములో ఒక కట్టడ యున్నది. దొంగ కన్నము వేయుచుండగా కొట్టబడి చచ్చినయెడల ఇంటివానిపై రక్తాపరాధము లేదు. సూర్యుడు ఉదయించిన తరువాతనైతే అపరాధముండును. చీకటిలో ఇంటివాడు, వచ్చినవాడు దేనికి వచ్చెనో తెలిసికొనలేడు. వెలుగులో తెలిసికొనగలడు, ఇరుగుపొరుగును పిలువగలడు. చూచితిరా, దేవుడు ఇంటివాని భయమును ఎరిగియున్నాడు. దొంగ ప్రాణమును కూడ లెక్కించుచున్నాడు.

మన దేశపు చట్టమును ఈ రెంటిని గమనించుచున్నది. 1860 నాటి శిక్షాస్మృతికి బదులుగా 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకుగల సెక్షనులు ఆత్మరక్షణ హక్కును గూర్చినవి. తన దేహమునే గాక పొరుగువాని దేహమును కాపాడుటకును ఆ హక్కు కలదు. సూర్యాస్తమయమునకు తరువాత, సూర్యోదయమునకు ముందు ఇల్లు పగులగొట్టి చొరబడుటను 41వ సెక్షను ప్రత్యేకముగా చెప్పుచున్నది. అయితే కాపాడుకొనుటకు అవసరమైనంతకంటె ఎక్కువ హాని చేయు హక్కు ఎవనికిని లేదనియు, అధికారుల సహాయము పొందుటకు సమయమున్నప్పుడు ఈ హక్కు లేదనియు 37వ సెక్షను కట్టడి చేయుచున్నది. పడిపోయినవానిని తన్నుట, పారిపోవువానిని వెంటాడి పొడుచుట ఆత్మరక్షణ కాదు.

యౌవనులారా, ఆత్మరక్షణకని చెప్పి నడుమున కత్తి దోపుకొని జాతరకు పోకుడి. పేతురు కత్తి దూసి మల్కు చెవి తెగనరకెను. ప్రభువు బంధింపబడుచున్న ఆ గడియలోను ఆ చెవిని స్వస్థపరచెను. మీ కత్తి చేసిన గాయమును మాన్పుటకు మీ చేతిలో ఆ శక్తి లేదు. అదియును గాక, లాగుకొనబడిన కత్తి మీ మీదికే వచ్చును.

మరి చేయవలసిన సిద్ధపాటు ఏది? మొదటిది, తోడు. యోసేపు మరియలు పండుగకు గుంపుతోనే వెళ్లిరి. అయినను, బాలుడు గుంపులోనే యున్నాడనుకొని ఒక దినము ప్రయాణమంత నడచిపోయిరి! గనుక గుంపులో నడుచుట చాలదు, తలలు లెక్కపెట్టుకొనవలెను. రెండవది, వెలుగు. దగ్గరి చీకటి దారికంటె దూరపు వెలుగు దారి మేలు. మూడవది, కబురు. ఏ దారిని పోవుచున్నామో, ఎన్ని గంటలకు చేరుదుమో ఇంట చెప్పవలెను. ఆటో ఎక్కినయెడల దాని నంబరు ఫోనులో ఇంటివారికి గట్టిగా చదివి వినిపింపవలెను. నెహెమ్యా గోడ కట్టువారికి బూర యొక్క ధ్వనిని గురుతుగా ఇచ్చెను. నేడు మనకు ఆ బూర ఫోనే. 112 నంబరునకు పిలిచిన పోలీసులు పలుకుదురు. స్త్రీల సహాయమునకు 181 కలదు. ఈ రెండును పిల్లలకు ఆజ్ఞలవలె కంఠస్థము చేయింపుడి.

నాలుగవది, గొలుసు అడిగిన గొలుసు ఇచ్చివేయుడి. ప్రాణము బంగారముకంటె గొప్పది. ఎవడైన చెయ్యి పట్టినయెడల అతని బొటనవ్రేలి వైపునకు విసరుగా త్రిప్పి లాగుకొనవలెను, పట్టు అక్కడనే బలహీనము. కేకలు వేయుచు వెలుగు వైపునకును, మనుష్యులున్న వైపునకును పరుగెత్తవలెను. పరుగెత్తుట సిగ్గు కాదు. దమస్కులో పౌలు రాత్రివేళ గంపలో గోడ దిగి తప్పించుకొనెను. ఐదవది, త్రాగినవాడు ఎవరికిని తోడు కాలేడు, తనకును కాలేడు.

ఇంత చేసినను కీడు కలుగవచ్చును. 2012 డిసెంబరు 16న ఢిల్లీ నగరములో సినిమా చూచి తిరిగి వచ్చుచు బస్సు ఎక్కిన యువతికి తోడుగా స్నేహితుడు ఉండెను. అయినను ఆ దుర్మార్గులు అతనిని కొట్టి ఆమెను హింసించిరి, ఆమె మరణించినది. కాబట్టి జాగ్రత్త మన విధియే గాని, గాయపడినవారిని కొలిచే కొలబద్ద కాదు. మా పల్లెలో కూడ, "ఆ వేళప్పుడు ఆడవాళ్ళకు ఏమి పని?" అని కొందరు అనిరి. వారు దేవాలయమునుండియే వచ్చుచుండిరని మరచిపోయిరి! యెరూషలేము నుండి యెరికోకు దిగిపోవుచు దొంగలచేత చిక్కిన మనుష్యుని గూర్చి మన ప్రభువు చెప్పెను. ఒంటరిగా ఎందుకు పోయితివని ఆ కథలో ఎవరును అడుగలేదు. దాటిపోయినవారినే ప్రభువు మన కన్నుల యెదుట నిలువబెట్టెను. పొలములో బలాత్కారమునకు లోనైన చిన్నదాని విషయమై ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము, ఆమెయందు పాపము లేదనియు, ఆమె కేక వేసినను రక్షించువాడు లేకపోయెననియు తీర్పు చెప్పుచున్నది. రక్షించువాడు లేకపోవుట ఎవరి లోపము? ఆ రాత్రి అది నా లోపము.

ఇప్పుడు మా సంఘములో రాత్రి కూడిక ముగిసిన తరువాత ఒక క్రమమున్నది. పల్లెలవారీగా గుంపులు కట్టుదురు. ప్రతి గుంపులోను ఇద్దరు పురుషులు, ఇద్దరు పెద్ద స్త్రీలు, రెండు టార్చిలైట్లు ఉండవలెను. కాలువ కవతలి గుంపుతో నేను నడుతును. పొన్నుకఱ్ఱ నాతోనే యున్నది. కాని దానిని ఇప్పుడు గట్టు దిగునప్పుడు ముసలమ్మ చేతికి ఊతముగా ఇచ్చుచున్నాను. అందరు ఇల్లు చేరితిమని ఫోను వచ్చువరకు దేవాలయపు దీపము ఆర్పము.

మొదటిసారి అట్లు నడచిన రాత్రి, ఆమె వాకిట నిలిచి, "ఇప్పుడు దీవించండి అయ్యగారూ" అన్నది. అక్కడనే చేతులెత్తి దీవెన చెప్పితిని. ఆ దీవెన నా నోట సంపూర్ణమైనట్లు నాకు తోచినది.

కునుకక నిద్రపోక తన ప్రజలను కాయుచున్న దేవుడు, నిద్రపోవుచున్న కాపరులను లేపి, చీకటి దారిలో ఒకరికొకరిని కావలివారిగా చేయును గాక. ఆమేన్.